రామదాసు కీర్తనలు: కడపటి నుండి మొదటి వరకు



కావ్యాలకు తరతమ భేదం చెప్పవచ్చును గాని భక్తుల వాక్కుకు చెప్పరాదని మా గురువులు అనేవారు. ఆ మాటలో మర్యాద ఉన్నది. అయితే మనసు ఆ మర్యాదను పాటించదు. పది కీర్తనలు తెలిసినవాడు ఏకాంతంలో కూనిరాగం తీసేటప్పుడు పదింటినీ సమానంగా తీయడు. ఏదో ఒకటి ముందుగా నాలుకపైకి వస్తుంది, ఏదో ఒకటి ఎవరైనా అడిగితే తప్ప రాదు. ఆ వరుస మనలో ఎప్పుడో ఏర్పడి ఉన్నదే. దానిని కాగితం మీద పెట్టి, ఎందుకిట్లా ఏర్పడిందని విచారించటం అపచారం కాదని నా నమ్మకం.

ఈ ఆలోచనకు ప్రేరణ మా మనవడు. వాడికి హిప్‌హాప్ అనే పాటల మీద మక్కువ. 1973లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో పుట్టిన కళ అని వాడే చెప్పినాడు. కెండ్రిక్ లామార్ అనే గాయకుడి ఆల్బములను అధమం నుండి ఉత్తమం దాకా వరుస పెట్టి, ఒక్కొక్కదానికి కారణాలు వ్రాసుకున్నాడు. ఆ గాయకుడికి 2018లో సంగీత విభాగంలో పులిట్జర్ బహుమానం వచ్చిందట. శాస్త్రీయ సంగీతానికీ, జాజ్‌కూ వెలుపలి వానికి అది దక్కటం అదే మొదటిసారి అన్నాడు. ఆ పాటల మంచిచెడ్డలు నాకు తెలియవు గాని వాడి కారణాలు చదివితే ముచ్చట వేసింది. ఇష్టమైనవాడిని కూడా నిలదీసి చదివినాడు. "తాతయ్యా, నీకిష్టమైనవాడికి నువ్వూ ఇట్లా వరుస పెట్టగలవా?" అన్నాడు.

నాకిష్టమైనవాడు ఎవరని వేరే చెప్పనక్కరలేదు. ఖమ్మం సీమలో పుట్టి, భద్రాద్రి అడవి అంచు బడులలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పిన నాకు కంచెర్ల గోపన్న కాక మరెవరు? నేలకొండపల్లిలో పుట్టినాడు. గోల్కొండ కుతుబ్ షాహీలలో చివరివాడైన అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించినాడనీ, అందుకు పన్నెండేళ్ళు గోల్కొండ కోటలో చెర అనుభవించినాడనీ, రామలక్ష్మణులే వచ్చి బాకీ చెల్లించి విడిపించినారనీ సంప్రదాయ కథ. ఆ బందీఖానాను నేటికీ కోటలో చూపిస్తారు.

నేను పెట్టుకున్న నియమాలు రెండు. దాశరథీ శతకం ఇక్కడ లెక్కలోనికి రాదు. అది పద్యం, దానికి తూనికరాళ్ళు వేరు. రెండవది, జనం నోట నిలిచిన కీర్తనలలో ఏడింటినే తీసుకున్నాను. రాగాలు, బాణీలు పాడేవారిని బట్టి మారుతుంటాయి. నేను చెప్పేవి ఎక్కువగా వినవచ్చే రాగాలు. నా తీర్పు ప్రధానంగా సాహిత్యాన్ని బట్టి.

ఏడవది: తారక మంత్రము కోరిన దొరికెను

ధన్యాసి రాగంలో భజన గోష్ఠులన్నిటా వినిపించే కీర్తన. కబీరుదాసు గోపన్నకు తారకమంత్రం ఉపదేశించినాడనే కథకు దీనిని ముడిపెడతారు. 1964లో చిత్తూరు నాగయ్యగారు స్వయంగా దర్శకత్వం వహించి నటించిన 'రామదాసు' చిత్రంలోనూ, 2006 నాటి 'శ్రీరామదాసు'లోనూ కబీరు పాత్ర ఉన్నది.

దీనిని చివర పెట్టటానికి కారణం ఒక్కటే. ఇందులో కవికి కావలసినది దొరికిపోయింది. దొరికినవాడి ఆనందం మనకూ ఆనందమే గాని, దానితో మనకు పని తక్కువ. రామదాసు గొంతు కొట్లాటలో, అలుకలో, ఎదురుచూపులో తెరుచుకుంటుంది. తృప్తిలో అది పదిమంది భక్తుల గొంతులలో కలిసిపోతుంది. ఈ కీర్తన మరొకరు వ్రాసినారన్నా నమ్మగలను. పై ఆరింటి విషయంలో అట్లా నమ్మలేను.

ఆరవది: ఓ రామ నీ నామ మేమి రుచిరా

నామాన్ని రుచితో పోల్చి, చెరకురసం కంటె, ద్రాక్ష కంటె, పెరుగు నేతుల కంటె మిన్న అని చెప్పుకుంటూ పోయే కీర్తన. ఉపమానం కంటె ఉపమేయం అధికమని చెప్పటం వ్యతిరేకాలంకారం. తరగతిలో ఆ అలంకారం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఈ కీర్తనే ఉదాహరణ. 

ఒకసారి మా పిల్లలను, వారిలో చాలామంది కోయ పిల్లలు, మీరెరిగిన రుచులతో ఈ జాబితా పెంచండి అన్నాను. తునికిపండు, పాలపండు, పుట్టతేనె, ఎండిన ఇప్పపువ్వు అన్నీ వచ్చినాయి. ఇప్పపువ్వు అనగానే వెనుక వరుస పిల్లలు గొల్లున నవ్వినారు. ఎందుకు నవ్వినారో ఈ సీమవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఆనాడు నాకు తట్టింది: గోపన్న జాబితాలో ఉన్నవి పండితుల పళ్ళెంలోని రుచులు. తాను ఏలిన పరగణా అడవిలోని పండు అందులో కనబడదు. కీర్తన మధురమే. కాని ఒకే అలంకారాన్ని చరణం తరువాత చరణం తిప్పటం వలన మూడవ చరణానికే మనం తరువాతిది ఊహించగలం. అందుకే ఆరవ స్థానం.

ఐదవది: అదిగో భద్రాద్రి

వరాళి రాగం. కొండను, గౌతమిని, గోపురాలను, ప్రాకారాలను వేలు పెట్టి చూపించే కీర్తన. దారిన వచ్చే యాత్రికుని భుజం పట్టి తిప్పి 'అటు చూడు' అన్నట్లుంటుంది. తాను కట్టించినదానిని తాను చూపించే ఇల్లాలి గృహప్రవేశ సంబరం ఇందులో ఉన్నది. 

ఈ ప్రాంతంవారికి ఇది విన్నప్పుడు కలిగే భావం వేరు. ఆ గౌతమి 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులకూ, 2022 జూలైలో 71.3 అడుగులకూ లేచింది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేస్తారన్నది గుర్తుంచుకుంటే ఆ అంకెల భయం తెలుస్తుంది. 1959 వరకు భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తరువాత ఖమ్మంలో కలిసింది. 2014లో చుట్టుపట్ల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి పట్టణం తెలంగాణలో నిలిచింది. 2016 నుండి భద్రాద్రి పేరే జిల్లాకు వచ్చింది. గీతలు ఎన్నిసార్లు మారినా, వేలు చూపిన దిక్కున కొండ కదలలేదు. అంతమాత్రం చేత కీర్తనకు ఘనత రాదు గాని, ఐదవ స్థానం దీనిదే.

నాలుగవది: రామజోగి మందు కొనరే

ఖమాస్. రామనామాన్ని మందుగా చేసి, సంచి భుజాన వేసుకొని వీధిలో కేకవేసి అమ్మే జోగి పాట ఇది. కర్మలనే రోగాలను కుదిర్చే మందు, కొనండి అని జనాన్ని పిలవటమే కీర్తన నిర్మాణం. తహశీల్దారీ చేసినవాడు, పల్లకి ఎక్కదగినవాడు, సంతలో వేరుమందులమ్మేవాడి గొంతు తెచ్చుకున్నాడు. మా అడవి అంచు సంతలలో గోనె పరచి, వేళ్ళూ బెరళ్ళూ పేర్చి, ఒక్కొక్కదాని గుణం పాటలాగా చెప్పేవారిని చూసినవారికి ఈ కీర్తనలోని నడక ఎక్కడిదో తెలుస్తుంది. పండితుడు వీధిలోని మాటను అరువు తెచ్చుకొని, దాని ఊపిరి చెడకుండా వాడటం తేలిక కాదు. మా మనవడు తన పాటల గురించి 'వీధిలో పుట్టినవి' అని గర్వంగా చెప్పినప్పుడు నాకు మొదట తోచినది ఈ జోగియే.

మూడవది: నను బ్రోవమని చెప్పవే

కల్యాణి రాగం. ఇక్కడ కవి రాముడిని నేరుగా అడగడు. సీతమ్మ తల్లిని ఆశ్రయిస్తాడు. ఏకాంతవేళలో, ఆయన మనసు మెత్తబడినప్పుడు, నా మాట ఎత్తమ్మా అంటాడు. వైష్ణవ సిద్ధాంతంలో అమ్మవారి పురుషకారమనే తత్త్వం దీనికి ఆధారమని వ్యాఖ్యాతలు చెప్తారు. నిజమే. కాని శాస్త్రం తెలియని వాడికి కూడా ఈ కీర్తన ఎందుకు అర్థమవుతుంది? అర్జీ పట్టుకొని అయ్యగారి గుమ్మం దగ్గర నిలబడి, లోపలి నుండి అమ్మగారు కనబడితే "అమ్మా, మీరైనా ఒక మాట చెప్పండి" అని అడిగిన జనం మన దేశంలో కోట్లు. గోపన్న స్వయంగా అధికారి. ఆ అర్జీలు ఎన్ని అందుకొని ఉంటాడో! అధికారి అర్జీదారు అయినప్పుడు దారి ఏదో అతనికి బాగా తెలుసు. సిఫారసు అడగటంలో కూడా లాలిత్యం చెడకపోవటం ఇందులోని విశేషం. మొదటి రెండింటి కంటె దిగువన ఉంచటానికి కారణం, ఇక్కడ అతడింకా మర్యాద మరువలేదు.

రెండవది: పలుకే బంగారమాయెనా

ఆనందభైరవి. తెలుగునాట ఈ కీర్తన తెలియని ఇల్లు ఉండదేమో. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గొంతు దీనిని ఇంటింటికీ చేర్చింది. 1980లో విడుదలైన 'శంకరాభరణం' మళ్ళీ కొత్త తరానికి అందించింది. పలుకు బంగారమైపోవటమనే జాతీయాన్ని పల్లవిలోనే పెట్టి, ఇసుకలో పొర్లిన ఉడుతను, రాయిగా పడి ఉన్న ఇల్లాలిని కరుణించినవాడివి నన్నెందుకు పలుకరించవు అని అడుగుతాడు. ఉడుతపాటి చేయనైనానా అన్న బాధ మాటలలో లేదు, మాటల వెనుక ఉన్నది. చదువుకున్న వానికీ, చదువురాని వానికీ ఒకే చోట తగులుతుంది.

మరి దీనికి ప్రథమ స్థానం ఎందుకు ఇవ్వలేదని చాలామంది కోప్పడతారు. నా కారణం ఇది. ఈ కీర్తన ఎంత అందంగా ఉన్నదంటే, ఆ అందం నొప్పిని కప్పివేసింది. పెండ్లి పందిళ్ళలో దీనిని సన్నాయి మీద వాయిస్తారు, ఊయల పాటగా పాడతారు. చీకటి కొట్టులో ఉన్నవాడి మొర అని ఎవరికీ గుర్తురాదు. మొర విన్నవాడు హాయిగా నిద్రపోతే అది పాటకు విజయమే గాని మొరకు విజయం కాదు.

మొదటిది: ఇక్ష్వాకుల తిలక

ఇది నిద్రపోనివ్వని కీర్తన.

ఇందులో రామదాసు స్తోత్రం చేయడు, లెక్క చెప్తాడు. ప్రాకారం కట్టించినందుకు ఇంత. భరతునికి పతకం చేయించినందుకు ఇంత. శత్రుఘ్నునికి మొలతాడు, లక్ష్మణునికి పతకం, సీతమ్మకు చింతాకు పతకం, స్వామికి కలికితురాయి. వస్తువు పేరు, పట్టిన వరహాలు, వస్తువు పేరు, పట్టిన మొహరీలు. జమాబందీ వ్రాసిన చేయి అది. తెలుగు కవిత్వంలో అలంకారశాస్త్రం ఎరుగని అలంకారం ఒకటుంటే అది ఇదే: ఖర్చుల పట్టీ. మా మనవడి పాటల వాళ్ళు మెడలో వేసుకున్న బంగారు గొలుసుల వెల చెప్పి మురుస్తారట. రామదాసూ బంగారం వెల చెప్పినాడు. అయితే అది ఇతరుల మెడలో తాను వేసిన బంగారం, చెప్పిన వేళ తన కాళ్ళకు ఇనుము.

లెక్క ముగిసేసరికి ఓర్పు తెగుతుంది. ఎవరి తండ్రి సొమ్మని కులుకుతున్నావు, నీ తండ్రి ఇచ్చినాడా, నీ మామ పంపినాడా అని దేవుడిని నిలదీస్తాడు. తెలుగులో భగవంతుని తిట్టిన తిట్లలో దీనికి సాటి లేదు. ఆ వెనువెంటనే వచ్చే చరణం నా దృష్టిలో అంతకంటె గొప్పది. తిట్టినానని నొచ్చుకోకు, ఈ దెబ్బలు ఓర్వలేక తిట్టినాను అంటాడు. నిందాస్తుతి అని పేరుపెట్టి మనం దీనిని చమత్కారంగా చదివితే అన్యాయం. ఇది చమత్కారం కాదు. దెబ్బలు తింటున్నవాడి నోటి నుండి వచ్చిన తిట్టు, తిట్టినందుకు సిగ్గు, ఆ రెండింటి నడుమ ఒక్క ఊపిరి.

ఈ కీర్తన చెప్పిన ఒక రోజున తొమ్మిదవ తరగతి కోయ కుర్రవాడు లేచి, "సార్, ఆ వరహాలు ఎవరివి?" అన్నాడు. సర్కారువి అన్నాను. "సర్కారుకు ఎక్కడివి?" అన్నాడు. శిస్తు కట్టినవారివి అన్నాను. "అయితే మా తాతలవి కూడా ఉంటాయి గదా సార్" అని కూర్చున్నాడు. ప్రజలు తామే ఇష్టపడి గుడికి అంగీకరించినారని కథలు చెప్తాయి. ఆ మాటా తరగతిలో చెప్పినాను. వాడు తల ఊపినాడు గాని, వాడి ప్రశ్న తల ఊపలేదు.

ఆలోచించి చూడండి. ఎవరి తండ్రి సొమ్ము అని రామదాసు రాముడిని అడిగినాడు. అదే మాట తానీషా రామదాసును అడగవచ్చు. అదే మాట శిస్తు కట్టిన రైతు తానీషాను అడగవచ్చు. ఒక్క ప్రశ్న గుడి, చెర, కోట దాటి అడవి దాకా నడుస్తుంది. కవి తనకే ఎదురు తిరగగల ప్రశ్నను దాచుకోకుండా పాడినాడు. ఆ ధైర్యమే దీనిని అగ్రస్థానంలో నిలిపింది. కథను కల్పించిన జనం కూడా ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. రాముడు ప్రత్యక్షమై 'ఇది నా పని, బాకీ రద్దు' అనలేదు. లక్ష్మణునితో వచ్చి పైసాతో సహా చెల్లించి, రసీదు పుచ్చుకొని, దానిని గోపన్న తలగడ కింద పెట్టినాడు. దేవుడైనా లెక్క తేల్చవలసిందే అని ఆ కథ చెప్పిన నీతి.

నా స్వంత కారణం ఒకటి ఉన్నది. మా నాన్నగారు ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపినారు. ఒక వానకాలం బడి పాక కూలిపోతే, మరొక పద్దు కింద వచ్చిన సొమ్ముతో కప్పు వేయించినారు. పిల్లలు తడవలేదు గాని, తనిఖీలో అభ్యంతరం వచ్చింది. పద్దు మార్చే అధికారం ఆయనకు లేదన్నారు. ఆ మొత్తాన్ని జీతంలో నుండి ఏళ్ళ తరబడి కోసుకున్నారు. ఆయన వద్ద ఒక చిన్న పుస్తకం ఉండేది. వెదురుకు ఇంత, గడ్డికి ఇంత, తాళ్ళకు ఇంత, కూలీకి ఇంత. రాత్రిపూట దీపం ముందు దానిని తెరిచి ఈ కీర్తన సన్నగా పాడుకునేవారు. నగల చరణాలన్నీ పాడి, తిట్టు దగ్గర ఆగిపోయేవారు. తిట్టు పాడలేదు కాబట్టి క్షమాపణ చరణం కూడా పాడవలసిన పని ఉండేది కాదు. ఆయన బాకీ తీర్చటానికి రామోజీ లక్ష్మోజీ రాలేదు. తానే తీర్చుకొని పదవీ విరమణ చేసినారు. 

భద్రాచలంలో ఏటేటా జరిగే వాగ్గేయకారోత్సవాలలో విద్వాంసులు కూర్చుండి రామదాసు నవరత్న కీర్తనలను గోష్ఠిగా ఆలపిస్తారు. త్యాగరాజస్వామి అంతటివాడు 'క్షీరసాగర శయన' కృతిలో రామదాసు చెర విడిపించిన సంగతిని తలచి, ఆ దయ తనకూ చూపమని వేడుకున్నాడు. శ్రీరామనవమి నాడు సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు రావటం తానీషా నాటి నుండి వచ్చిన ఆచారమని చెప్తారు. వేల జనంలో కల్యాణం చూస్తూ, ఆ ముత్యాలు రాలే వేళ నాకు వినబడేది మాత్రం ఆ ఖర్చుల పట్టీయే. అందులో వెదురు, గడ్డి, తాళ్ళు, కూలీ అనే మాటలు కూడా కలిసి వినబడతాయి.

ఇది నా వరుస. ఏ తీరుగ నను దయ జూచెదవో, పాహి రామప్రభో వంటి వాటికి చోటు ఇవ్వలేదని నొచ్చుకునేవారు ఉంటారని తెలుసు. వారి వరుస వారు వ్రాయాలి. ఏది చివర పెట్టినారో, ఎందుకు పెట్టినారో కూడా వ్రాయాలి. మొదటిది చెప్పటం ఎవరికైనా సులభమే.

స్వస్తి.